నాలుగు వేళ్ల సందు

“మేడమ్, ఇవాళ నడవాల్సిందే. ఇలా పడుకునే ఉంటే కాళ్లలో రక్తం గడ్డకడుతుంది,” అంది నర్సు.

“కాసేపాగమ్మా,” అంటూ టీచర్ దుప్పటి ముక్కుదాకా లాక్కుంది.

ఆగమన్నది నొప్పికి కాదు, తెర అవతల వినబడుతున్న గొంతుకు. “డాక్టరుగారు ఎన్నింటికి వస్తారండీ?” అని ఎవరినో అడుగుతోంది. ఆ గొంతు విని టీచర్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. తన వ్యాయామ తరగతిలో మొదటి వరస అమ్మాయి అది. ఆ తరగతి గోడ మీద నిలువెత్తు ఫోటో ఆ పిల్లదే. ఎడమపక్క కాన్పు తర్వాతి పొట్ట, కుడిపక్క పలకలాంటి పొట్ట. మధ్యలో రెండు నెలలు పుట్టింటికి వెళ్లినా, అక్కడ కూడా వ్యాయామం మానలేదట. ఫోటో కింద “కత్తి లేదు, కుట్టు లేదు!” అని ఇంతింత అక్షరాలతో రాయించింది టీచరే.

ఆ టీచర్‌కే నిన్న కత్తీ పడింది, కుట్లూ పడ్డాయి.

కవలల కాన్పుతో ఆమె కడుపు కండరాలు రెండుగా విడిపోయి, మధ్యలో నాలుగు వేళ్లు దూరేంత సందు మిగిలింది. ఏళ్ల తరబడి చెమటోడ్చినా అది వెంట్రుకవాసి తగ్గలేదు. వదులు చొక్కాల కింద దాచుకుంటూ నెట్టుకొచ్చింది. “ఇంతగా సాగిపోయినవి వ్యాయామంతో దగ్గరకు రావమ్మా. మధ్యకు లాగి కుట్టాలి, మిగిలిన చర్మం తీసెయ్యాలి,” అని డాక్టరు తేల్చేశాడు. అక్క ఊరు వెళ్తున్నానని తరగతిలో అబద్ధమాడి వచ్చింది.

ఇప్పుడు పారిపోదామంటే పక్కకు ఒత్తిగిలడమే గగనంగా ఉంది. పొట్ట చుట్టూ బిగించిన పట్టీ, రెండు వైపులా గొట్టాలు.

“సిగ్గెందుకు మేడమ్, లేవండి,” అంటూ నర్సు తెర సర్రున లాగేసింది.

ఎదురుగా బెంచీ మీద, ఒళ్లో ఆసుపత్రి పాత ఫైలుతో ఆ అమ్మాయి.

“టీచర్! మీరా?”

“హెర్నియా... చిన్నదే...”

“హెర్నియా ఏంటి మేడమ్! ఈ చివర నుంచి ఆ చివరదాకా కోస్తేనూ,” అని నర్సు నవ్వి, గొట్టానికి కొత్త సంచి తెస్తానని వెళ్లిపోయింది.

అమ్మాయి ముఖం పాలిపోయింది. తనను చూసి అసహ్యపడుతోందనుకుంది టీచర్.

“అందరికీ చెబుతావు కదూ? చెప్పు. మోసం చేశాను, ఒప్పుకుంటాను. కానీ ఒక్కమాట నమ్ము. ఏడాదిగా నీ ఫోటో చూసుకునే బతికాను. ఆ పిల్లకి తగ్గింది కదా, నాకెందుకు తగ్గదని రోజూ గంట ఎక్కువ చేశాను. లోపమంతా నా ఒంట్లోనే ఉందని బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చాను. నా తరగతిలో నిజమంటూ ఉంటే అది నువ్వొక్కదానివే.”

అమ్మాయి లేచి వచ్చి మంచం పక్కన నిలబడింది. టీచర్ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ పిల్ల కళ్ల నిండా నీళ్లు.

“నా పొట్ట కుట్టింది కూడా ఈ డాక్టరే, టీచర్.”