రెండు చుక్కలు

“వంట అయిందా, పిన్నీ?”

డాక్టరుగారు కంప్యూటర్ మీంచి తలెత్తకుండానే అడిగారు. ల్యాబులో అందరూ ఆమెను పిన్ని అనే పిలుస్తారు. ఆయన నోట మాత్రం ఆ పిలుపు ఈగను తోలినట్టుంటుంది.

పిన్ని, పరీక్షలో మనిషి ఒంటికి బదులు వాడే జెల్లీ దిమ్మను బల్ల మీద పెట్టింది. ఎప్పటిలాగే పక్కన ఒక మడత చీటీ. దిమ్మ లోపల ఏముందో అందులో రాసి ఉంటుంది. ఎక్స్-రే తగిలితే వెలిగే పొడిని వెంట్రుకంత గాజు గొట్టాల్లో నింపి, జెల్లీలో పాతి, చీటీ రాయడం పదకొండేళ్లుగా ఆమె పని.

“సార్, ఒక్కసారి ఆ చీటీ...”

“చూసేదేముంది? అర మిల్లీమీటరు ఎడంతో రెండు గొట్టాలు. నేను చెప్పిందేగా!” చీటీని కోటు జేబులో కుక్కుకున్నారు. “జెల్లీ కాచడానికి కూడా రాతకోతలు!”

కమిటీ వచ్చి కూర్చుంది. ఇవాళ వాళ్లు సరేనంటే, ఒంట్లోని చిన్న కణితుల్ని విడివిడిగా చూపే ఆయన పద్ధతి ఆసుపత్రులకు వెళ్తుంది. విభాగాధిపతి కుర్చీ ఆయనదవుతుంది.

“దగ్గరదగ్గరగా ఉన్న గొట్టాలు ఇన్నాళ్లూ ఒకే మరకలా అలుక్కుపోయి కనపడేవి,” అన్నారాయన. “చేతకానివాళ్లు కెమెరాలు మార్చుకుంటూ కూర్చున్నారు. నేను బుర్ర వాడాను. ఎన్ని చుక్కలు వెతకాలో ప్రోగ్రాముకు ముందే చెప్పేశాను.”

సన్నటి కిరణం దిమ్మ మీద వరస వరసగా నడిచింది. తెర మీద మసక మరక కదిలింది. సాగింది. విడిపోయింది.

రెండు చుక్కలు. సూదిమొనల్లా.

చప్పట్లు మోగాయి.

“దిమ్మ చేసిందెవరు?” అడిగారు కమిటీ అధ్యక్షురాలు.

“అదిగో, ఆవిడే. వచ్చే నెల నుంచి మాన్పించేస్తున్నాం లెండి. ఈమాత్రం వంట ఎవరికి రాదు?”

పిన్ని జిగురు చేతులు తుడుచుకుంటూ ఓ మూల నిలబడింది. చూపు ఆయన కోటు జేబు మీదే ఉంది.

“నియమం ప్రకారం చీటీ కూడా చూడాలిగా,” అధ్యక్షురాలు చెయ్యి చాచారు.

“దానికేం భాగ్యం! మీరే చదవండి, అందరికీ వినపడేలా,” అంటూ డాక్టరుగారు జేబులోంచి తీసి, నలిగిన మడత అలాగే అందించారు.

ఆవిడ కళ్లజోడు సవరించుకుని, ఆ గుండ్రటి అక్షరాలను చదివారు.

“రెండో గొట్టం పొద్దున పగిలిపోయింది సార్, ఈ దిమ్మలో ఒకటే పెట్టాను.”