తిమ్మిర్ల గోలీలు

"ట్రిప్ స్విచ్ తీసేసి వైర్లు డైరెక్ట్ కలిపిన్రేందమ్మా?" సూర్యాపేటలోని ఆ అపార్ట్‌మెంటుకు కరెంటు తనిఖీకి వచ్చిన ధర్మేందర్ బోర్డు ముందు నిలబడి అడిగాడు.

"గీజరు ఏసినప్పుడల్లా టప్పున పడిపోతుండె సార్. పానం ఇసిగి నేనే తీపిచ్చిన." బడిలో పాఠాలు చెప్పి అప్పుడే ఇల్లు చేరిన నవనీత గోడకు చేరగిలబడింది.

అతను గీజరు వేసి, బాత్‌రూం నల్లాకు టెస్టర్ ఆనించాడు. ఎర్రలైటు వెలిగింది.

"సూడున్రి, నల్లాకే కరెంటొస్తుంది. గీజర్ల కరెంటు లీకైతుందనే స్విచ్ పడిపోయింది. ఇంట్ల ఎవ్వరికీ షాక్ కొట్టలేదా?"

నవనీత గబగబా గీజరు ఆపేసింది. నల్లా పట్టుకుంటే చెయ్యి జుమ్మంటున్నదని అత్త కొమురమ్మ చలికాలం మొదలైనప్పటి నుంచీ మొత్తుకుంటూనే ఉంది. అవి ముసలితనపు తిమ్మిర్లని తేల్చేసి, మిర్యాలగూడ దాకా తీసుకెళ్లి నరాల డాక్టరుకు చూపించింది తనే.

లోపలి గదిలోంచి కొమురమ్మ పిలిచింది. "బిడ్డా, గోలీ యాళ్లయింది. జర నీళ్లియ్యవా?"

నవనీత వెళ్లి ఆమె చేతిలోని గోలీ తీసేసుకుంది. "ఇగ వద్దత్తమ్మా. తిమ్మిర్లు నీకు గాదు, నల్లాకు."

కొమురమ్మ ఖాళీ అరచేతిని తేరిపార చూసుకుంది.

"మరి గోలీలు నేనెందుకు మింగుతున్న బిడ్డా?"