మంట పోగొట్టుకున్న వేడి

పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద కుండలో నీరు కుతకుతా మరుగుతోంది. కిందనున్న మంటకి మాత్రం ఒళ్ళు మండిపోతోంది.

"ఇందాకట్నుంచి పుల్ల మీద పుల్ల తిని నీకు వేడి పోస్తున్నాను. మరిగే దాకా బాగానే వేడెక్కావు. ఆ తర్వాత రవ్వంతైనా పెరగవేం? నా వేడంతా ఎక్కడ దాచావే దొంగా?" అని కుండలోని నీటిని నిలదీసింది.

"నా దగ్గరేం మిగల్లేదు మంటక్కా. ఆవిరై బయల్దేరే వాళ్ళకి దారిబత్తెంగా మూట కట్టి ఇచ్చేస్తున్నాను," అంది నీరు.

గోడ మీద పడుకున్న గండుపిల్లి చటుక్కున కిందికి దిగింది. ఎవరి తగువైనా తనే తీర్చాలని దానికి మహా సరదా. మీసాలు దువ్వుకుని, మూత పక్కనుంచి వస్తున్న ఆవిరిని ఆపింది.

"ఏయ్, నీ మూట ఏదీ?"

"ఉంది దొరా, కనపడదు. నేను మళ్ళీ నీరైన చోటే దాన్ని దించుతాను," అంది ఆవిరి వినయంగా.

"దూదికన్నా తేలిగ్గా ఉన్నావు, నీకో మూటా! నా చెవిలో పువ్వు పెడుతున్నావా? ఉంటే ఇక్కడే దించు, చూస్తాను," అంటూ పిల్లి తన చల్లటి ముక్కుని ఆవిరిలో పెట్టింది.

"మీ మాట కాదంటానా!" అని ఆవిరి ఆ ముక్కు మీద వాలి, నీటిచుక్కలుగా మారి, మోసుకొచ్చిన వేడంతా అక్కడే దించేసింది.

పిల్లి కెవ్వుమని గోడ దూకి పారిపోయింది.

"మంటక్కా, నీ సొత్తు దొరికింది," అంది నీరు కుతకుతా నవ్వుతూ. "పరిగెత్తావంటే పిల్లి ముక్కు మీద ఇంకా కాస్త మిగిలే ఉంటుంది."