తేలిక చెయ్యి

అందరూ చప్పట్లు కొడుతుంటే సీనియర్ మేడమ్‌కు కూడా కొట్టక తప్పలేదు.

ఈసారి కూడా బోనస్ ఆ పిల్లకే. బ్యూటీ పార్లర్ ఓనరమ్మ కౌంటర్ దగ్గర నిలబడి ఆ మాట చెప్పగానే మిగతా అమ్మాయిలు కేకలు పెట్టారు. ఆ పిల్ల సిగ్గుపడుతూ ముందుకొచ్చి కవరు అందుకుంది. సీనియర్ మేడమ్ ముఖానికి నవ్వయితే అతికించుకుంది గానీ, లోపల ఎవరో మిరపకాయలు నూరుతున్నట్టుంది.

నిన్నగాక మొన్న చేరిన పిల్ల! దువ్వెన పట్టుకోవడం దగ్గర్నుంచి అన్నీ తనే నేర్పింది. వేలు పట్టుకుని నడిపించింది. ఓనరమ్మను బతిమాలి ఇక్కడ పనిలో పెట్టించిందీ తనే. ఇప్పుడు ఏకు మేకై కూర్చుంది.

అసలు ఆ బోనస్ పద్ధతే తప్పని ఆమె వాదన. పని చేయించుకున్న కస్టమరు వెళ్తూ వెళ్తూ కౌంటర్ మీదున్న ట్యాబ్‌లో నక్షత్రాలు నొక్కాలి. ఎవరికి ఎక్కువ వస్తే వాళ్లకు బోనస్. ఆ పిల్ల చేసేది ఎక్కువగా ఐబ్రోస్. ఇలా కూర్చుంటే అలా అయిపోతుంది. కుర్చీ చల్లబడేలోపు ఇంకొకరు. తను జుట్టుకు రంగు వేయడానికి నిలబడితే సగం పూట గడిచిపోతుంది. అంతా కలిపి ఒక్క కస్టమరు. ఆవిడా వయసు మళ్లిన మనిషి. ట్యాబ్ చూడగానే, “నాకివన్నీ తెలీవమ్మా” అని చెప్పులేసుకుని వెళ్లిపోతుంది.

ఓసారి ఓనరమ్మతో ఈ మాటే అంది.

“నక్షత్రాలు నేను పెడుతున్నానా? కస్టమర్లు పెడుతున్నారు. నువ్వూ కాస్త నవ్వుతూ మాట్లాడు,” అందావిడ.

అంటే నవ్వుకు బోనస్. నడుం నొప్పికి మాత్రం ఏమీ లేదు.

అక్కడికీ ఓర్చుకుంది. ఆ వారమే డాక్టరమ్మ వచ్చింది. ఏళ్ల తరబడి తన కస్టమరు. తన తలమీద ఇంకొకరిని చెయ్యి వేయనిచ్చేది కాదు. సీనియర్ మేడమ్ గబగబా కుర్చీ తుడిచి, గుడ్డ దులిపి పట్టుకుంది. డాక్టరమ్మ కూర్చోలేదు.

“ఆ అమ్మాయి ఖాళీ అయ్యేదాకా ఆగుతాలే,” అంది మొహమాటపడుతూ. “మొన్న నువ్వు సెలవులో ఉంటే తనే చేసింది. అచ్చం నీ చెయ్యే. కాకపోతే కాస్త తేలిక.”

సీనియర్ మేడమ్ ఆ గుడ్డను మళ్లీ మడతపెట్టేసింది.

నాలుగు వైపులా అద్దాలున్న గది. ఎటు తల తిప్పినా ఆ పిల్లే. నున్నటి మెడ, అలుపెరగని చేతులు, డాక్టరమ్మ ఏమన్నా గలగలా నవ్వు. ఒకప్పుడు ఈ అద్దాల నిండా తనే ఉండేది.

“మేడమ్, గోధుమ రంగు ట్యూబ్ ఎక్కడుంది?” అడిగింది ఆ పిల్ల. సీనియర్లను మేడమ్ అనే పిలవాలన్నది ఓనరమ్మ పెట్టిన రూలు.

“కళ్లున్నాయిగా? వెతుక్కో.”

ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. సీనియర్ మేడమ్ ప్రాణానికి కాస్త హాయిగా అనిపించింది. హాయిగా అనిపించినందుకు తనమీద తనకే అసహ్యమూ వేసింది. కానీ కడుపుమంట ముందు అసహ్యం ఎంతసేపు నిలుస్తుంది?

మర్నాడు చూపు సరిగా ఆనని ఒక పెద్దావిడ ట్యాబ్ ముందు తడబడుతుంటే, ఆ పిల్ల దాన్ని ఎత్తి పట్టుకుని ఎక్కడ నొక్కాలో చూపించింది. నొక్కింది మాత్రం పెద్దావిడే. సీనియర్ మేడమ్ పక్కనే ఉండి చూసింది. చూసి, తిన్నగా ఓనరమ్మ గదిలోకి వెళ్లింది.

“ఆ నక్షత్రాలు కస్టమర్లు పెడుతున్నవి కావు. ఆ పిల్లే నొక్కుకుంటోంది. కళ్లారా చూశాను.”

ఓనరమ్మ కళ్లజోడు తీసి ఆమెను తేరిపార చూసింది.

“ఈ మాట చెప్పేది నువ్వా?”

“న్యాయం ఎవరికైనా న్యాయమే కదండీ.”

“బాగా ఆలోచించుకునే చెబుతున్నావా?”

“ఆలోచించుకునే.”

ఓనరమ్మ నిట్టూర్చింది. “ఇంకెవరు చెప్పినా నమ్మేదాన్ని కాదు.”

సాయంత్రం షాపు కట్టేసే ముందు ఓనరమ్మ అందర్నీ పిలిచింది. ఆ పిల్లకిచ్చిన బోనస్ వెనక్కి తీసుకుంటున్నానంది. కారణమూ చెప్పింది.

“నేను నొక్కలేదండీ,” అంది ఆ పిల్ల. సీనియర్ మేడమ్ వైపు తిరిగింది. “మీరక్కడే ఉన్నారు కదా మేడమ్. చెప్పండి.”

సీనియర్ మేడమ్ దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు ఒక్కొక్కటే తీస్తోంది. తల ఎత్తలేదు.

ఆ పిల్ల ఆమెను అలాగే కాసేపు చూసింది. సంచీలోంచి కవరు తీసి కౌంటర్ మీద పెట్టింది. నక్షత్రాల్లో తర్వాతి స్థానం ఎవరిదో చూసి ఓనరమ్మ ఆ కవరును సీనియర్ మేడమ్ చేతికిచ్చింది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అమ్మాయిలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటూ చీపుర్లు అందుకున్నారు.

సీనియర్ మేడమ్ బస్టాపులో నిలబడింది. కవరు చేతిలోనే ఉంది. గెలిచానని ఎన్నిసార్లు అనుకున్నా నమ్మకం కుదరడం లేదు. కాసేపటికి ఆ పిల్ల వచ్చి పక్కన నిలబడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

“నాన్న ఫోన్ చేశాడమ్మా. ఈసారి బోనస్ నీకొచ్చిందని చెప్పాను, ఎలా వచ్చిందో మాత్రం చెప్పలేదు,” అంది ఆ పిల్ల, బస్సు వచ్చే వైపే చూస్తూ.