మంట వెలుతురు

“తెరకు ఈపు వెట్టి జనం దిక్కు చూస్తవేందక్కా?”

ఆట మొదలయ్యేలోపు ఉండబట్టలేక అడిగాడు బాల్‌రాజ్. తాండూరు టాకీసులో ఇంగ్లీషు బొమ్మలకు తెర పక్కన పరదా చాటున కూర్చుని, మైకులో తెలుగు కథ చెప్పేది అతనే. కొండ పేలి ఊరిని మింగేసే ఈ రంగుల బొమ్మకు భాగమ్మ ఐదు రోజులుగా మాట్నీకి వస్తోంది. ఒక్కసారీ తెర వైపు చూడలేదు.

“కొండ మండినప్పుడు అందరి మొఖాలు ఎర్రగైతయి తమ్మీ. గవి చూడనీకె వస్తున్న.”

“మొఖాలతోని ఏం పని?”

“పోలీస్ యాక్షన్ అయిన ఏడు, కొడంగల్ తొవ్వల బాయి పక్కన మా గుడిసెకు ఒకడు అగ్గి వెట్టిండు. పోతపోత ఎనక్కి తిరిగి చూసిండు. గా మంటల కనవడ్డ మొఖం పగటిపూట గుర్తువట్టలేను. లోపట నా పిల్లలిద్దరు పండుకొని ఉండిరి.”

ఆ గుడిసెలో ఎవరూ లేరనే పన్నెండేళ్లుగా అనుకుంటున్నాడు బాల్‌రాజ్.

“అందరివి చూసిన. పరదా ఎనక ఉంటవు గద, నీదొక్కటే చూడలే,” అని నవ్వింది భాగమ్మ.

గంట మోగింది. దీపాలు ఆరాయి. ఎప్పటిలాగే కథ అందుకున్నాడు గానీ, కొండ పేలే చోటికి వచ్చేసరికి చెప్పడం ఆపేశాడు. హాలంతా ఎర్రబడింది. తెర మీద ఒక తల్లి పిల్లల కోసం మంటల్లోకి పరుగెడుతోంది.

“కథ చెప్పవేందిరా!” జనం కేకలేస్తున్నారు.

బాల్‌రాజ్ మైకు కింద పెట్టాడు. పరదా తొలగించుకుని వచ్చి, ఆ వెలుతురు ముఖం మీద పడేలా భాగమ్మ ఎదుట నిలబడ్డాడు.