నల్లోడి మెడలో బిళ్ల

"నల్లోడు కనబడ్డం లేదు" అంది కూర్మమ్మ వీధిలోకొచ్చి. అంతే, ఎక్కడి వలలు అక్కడే పడేసి అందరూ లేచారు. ఒక్క ఊరకుక్క కోసం వీధి వీధంతా పని మానుకుంటుందా అని మీరడగొచ్చు. మానుకుంది మరి. కొందరు ఒడ్డు వైపు, కొందరు సరుగుడు తోటల వైపు పరిగెత్తారు.

ఎదురింటి జోగయ్య మాత్రం తల వంచుకుని నిలబడ్డాడు. తెల్లారగట్ల ఒడ్డు వైపు వెళ్తుంటే చూశానన్నాడు.

"సూసి పిలవలేదేటి మావా?"

"ఏటకెళ్లీ దార్లో ఎనకనుంచి పిలవకూడదు కదే. నోరు రాలేదు నాకు."

వేటకు పోయే దారిలో వెనక నుంచి పిలిస్తే కీడని ఆ ఊరి నమ్మకం. కుక్కకు శకునమేమిటని కూర్మమ్మ అడగలేదు. కళ్లు తుడుచుకుంది.

ఇక ఆమె ఆశంతా నల్లోడి మెడలో ఉన్న రేకు బిళ్ల మీదే. దాని మీద తన ఫోన్ నంబరు చెక్కించింది. ఊరకుక్కకు ఇంత వైభోగమా అని శ్రీకాకుళంలో చెక్కినతను పగలబడి నవ్వాడు. ఊళ్లో మాత్రం ఒక్కరూ నవ్వలేదు.

ఎండెక్కాక ఫోన్ మోగింది. శ్రీకూర్మంలో టీకొట్టు నడిపే భారతి అట. కుక్క తన కొట్టు ముందు బల్ల కింద చేరిందనీ, కూర్చున్నవాళ్లను లేవనివ్వదనీ, కొత్తవాళ్లను దగ్గరికి రానివ్వదనీ, పొద్దున్నుంచీ బేరం పాడైపోయిందనీ విసుక్కుంది.

"తరిమెత్తే దాని దారిన అదే ఇంటికొచ్చేస్తాది కదమ్మా?"

"తరమొద్దు తల్లీ. దానికి దారి తెలుసు. ఒగ్గేసి రాదు."

భారతికి ఆ మాట అర్థం కాలేదు. కూర్మమ్మ గుమ్మం పక్కనున్న చెప్పుల జత సంచిలో పడేసుకుని నాగబాబు ఆటో ఎక్కింది. ఆ కంగారులో తన కాళ్లకు చెప్పులు వేసుకోవడమే మరిచిపోయింది. దారంతా కూర్మనాథస్వామికి దణ్ణాలు పెడుతూనే ఉంది.

ఆటో ఆగింది. కుక్క తోకైతే ఊపింది గానీ బల్ల కింద నుంచి కదల్లేదు. కూర్మమ్మ మట్టిలోనే కూలబడి దాని తల ఒళ్లో పెట్టుకుంది. "నా బంగారు కొండవిరా నువ్వు" అంటూ నవ్వింది, ఏడ్చింది. అది చూసి భారతి విసుగంతా పోయింది. గిన్నెలో పాలు పోసి తెచ్చి కుక్క ముందు పెట్టింది.

అప్పుడు కూర్మమ్మ సంచిలోంచి చెప్పులు తీసింది.

మళ్లీ ఇల్లు మరిచిపోయి, నల్లోడి కాపలాలో బల్ల మీద కూర్చున్న మొగుడి కాళ్లకు తొడిగింది.