ఎలా ఉన్నారు?

రంగుల మేస్త్రీకి వికలాంగుల పింఛను రాకుండా పోయింది అతని మర్యాద వల్లే. నిచ్చెన మీంచి పడి, భుజం పోయి, బ్రష్షు పట్టలేని మనిషి, పింఛను పరీక్ష చేసే డాక్టరు "ఎలా ఉన్నారు?" అనగానే "మీ దయవల్ల బాగానే ఉన్నానండీ" అన్నాడు. ఎవరడిగినా అతని జవాబు అదే. డాక్టరు ఆ ముక్కే రాసుకున్నాడు.

రెండోసారి భార్య దారంతా పాఠం చెప్పింది.

"బాగున్నానన్నావో, నేనూరుకోను! చెయ్యి లేవదను. చొక్కా కూడా నేనే తొడుగుతున్నానను. నువ్వు సిగ్గుపడితే మన పొయ్యి వెలగదు."

"ఏడుపు మొహం పెట్టమంటావు, అంతేగా? సరేలేవే."

డాక్టరు మళ్ళీ అదే ప్రశ్న వేశాడు.

"బా..." అన్నాడు మేస్త్రీ. భార్య కాలు తొక్కింది.

అప్పుడు చెప్పుకొచ్చాడు. చెయ్యి లేవదన్నాడు. చొక్కా ఆవిడే తొడుగుతుందన్నాడు. అక్కడితో ఆగకుండా, పడిన రోజు నుంచీ ఎడం కన్ను కనిపించడం లేదన్నాడు. డాక్టరు టార్చి వేసి చాలాసేపు చూసి, పింఛనుకు అర్హుడని కాగితం రాసిచ్చాడు.

గుమ్మం దాటగానే ఆమెకు నవ్వాగలేదు.

"నీ నటన బంగారం గానూ! చెయ్యంటే నేను చెప్పమన్నాను. ఆ కన్ను సంగతి ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చావయ్యా? డాక్టరంతటివాడే నమ్మేశాడు!"

నవ్వుతూనే అతని ఎడమ పక్కకు చేరి, ఆ కాగితాన్ని అతనికి చూపిస్తూ చెంప దగ్గరగా పట్టింది.

అతను వీధికేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఇంతకీ కాగితం తీసుకున్నావా, లోపలే మర్చిపోయావా?" అన్నాడు.